శనివారం ఒక్కపొద్దు, రెండు పుస్తకాలు

మా వీధిలో ఒక పిల్ల శనివారం ఒక్కపొద్దును సోమవారానికీ గురువారానికీ పెంచుకుంది. వాళ్లమ్మ సంతోషంగా చెప్పుకుంటుంటే నాకు గుబులు పుట్టింది. అందుకే నాలుగేళ్ల కిందట మా ఇంట్లో జరిగింది రాసిపెడుతున్నాను.

తిరుపతిలో శనివారం అన్నం మానేస్తే ఎందుకని ఎవరూ అడగరు. ఇంటర్ చదివే మా అమ్మాయి అట్లా మొదలుపెట్టి, వారంలో సగం రోజులు మానేసింది. జాకెట్లు వదులయినాయి, జుట్టు రాలింది. డాక్టరు టానిక్ రాసినాడు. మా అత్త మాత్రం "నా మనమరాలి భక్తి సూడండి" అని చుట్టాలకు చెప్పుకునేది.

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతే. మిగతాదంతా గ్రంథాలయాల్లో, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే. ఆ గర్వం నాకుంది. యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే పక్కింటాయన తన కార్డు మీద ఒక్క పుస్తకం ఇప్పిస్తానంటే, పిల్లకేమయిందో తెలుసుకుందామని వెళ్లాను. మనస్తత్వశాస్త్రం బీరువాలో రెండు దొరికాయి. ఒకటి తన్ను తాను నిందించుకునే మనసు గురించి, రెండోది తిండితో ఆడవాళ్ల పెనుగులాట గురించి. రెండూ ఇంగ్లీషే, రెండూ లావే.

"ఒకటి తేల్చు తల్లీ. మూసే టైమయింది" అన్నాడు పక్కింటాయన.

"రెండూ కావాలన్నా."

"బాగుండాది! పరీక్ష రాస్తావా ఏంది?"

తిండి పుస్తకమే తెచ్చుకున్నాను. కంటికి కనబడేది అదే కదా. రోజూ వంటయ్యాక నాలుగు పుటలు. అందులో పిల్లలు వదిలేసేది రొట్టె, వెన్న. మా పిల్ల వదిలేసేది పెరుగన్నం. ఉపవాసాన్ని మెచ్చుకునే అవ్వ అందులో ఎక్కడా లేదు. ఒకరోజు విసుగొచ్చి మూసేస్తుంటే అమ్మాయి పక్కన కూర్చుంది.

"నా గురించేనా ఇంత కష్టపడేది?"

"నువ్వే చెప్తే చదవను."

పుస్తకం అట్ట మీద వేలు రాస్తూ అంది. "తింటే లోపల నన్ను నేనే తిట్టుకుంటా ఉంటానమ్మా. అవ్వ పొగిడితే కొంచెం ఆగుతుంది."

మరుసటిరోజు తిండి పుస్తకం ఇచ్చేసి, తన్ను తాను నిందించుకునే మనసు పుస్తకం తెచ్చుకున్నాను. అత్తతో, "ఇకమీద పిల్ల ఒక్కపొద్దును పొగడొద్దత్తా" అన్నాను.

"ఈ ఇంట్లో దేవుడి మాట గూడా ఎత్తకూడదా?" అని ఆమె నాతో మాట్లాడడం మానేసింది. కానీ పొగడడమూ మానేసింది.

కొన్ని వారాల తర్వాత ఒక శనివారం అమ్మాయి కంచం పెట్టుకుని సగం తిన్నది. అత్త ఊరగాయ జాడీ అటు జరిపింది. పూర్తిగా బాగయిందని చెప్పను. కొన్ని రోజులు ఇప్పటికీ కంచం ముందు కూర్చుని ఏడుస్తుంది.

పేర్లు రాయొద్దని అమ్మాయి మాట తీసుకుంది. పక్కింటి అన్నకూ, పొగడకుండా నోరు కట్టుకున్న మా అత్తకూ, లోపలి మాట చెప్పిన నా బిడ్డకూ నమస్కారం.