పదివేల ఏడు సంచులు

నిజామాబాద్ పసుపు యార్డులో హమాలీల మేస్త్రీ సిద్దిరాములును ఎవరూ పేరుతో పిలవరు, ఎక్కాల మేస్త్రీ అంటారు. బడికి పోయింది నాలుగేళ్లే. మిగతా చదువంతా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బస్తాలు మోస్తూ నేర్చుకున్నదే. గోదాముకు ఎన్ని సంచులొచ్చినా ఒక్కటీ మిగలకుండా సమానమైన వరసల్లో పేర్చడం ఆయన పద్ధతి. అప్పుడు ఒక్క సంచి పోయినా వరసలో ఖాళీ కనబడుతుంది. పదిహేడు, ముప్పై ఏడు లాంటి చిన్న లెక్కలు మొండికేస్తాయని ఆయనకు తెలుసు. పెద్ద లెక్క మాత్రం ఎక్కడో ఒకచోట సమానంగా విరిగి తీరుతుందని నమ్మకం. ఆ నమ్మకం మీద మనిషికి గీర కూడా బాగానే ఉండేది.

మొన్న ఏప్రిల్‌లో ఒక సేటు గోదాముకు పసుపు దిగింది. గేటు దగ్గర లింబాద్రి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు మేస్త్రీ పక్కనే మూటలు మోసి, నడుం పట్టేశాక సంచులు లెక్కపెట్టే పనికి మారినవాడు. సంచికో సుద్దగీత గీసి, మొత్తం పదివేల ఏడని చెప్పాడు. సిద్దిరాములు ఏడుతో భాగించి చూస్తే నాలుగు మిగిలాయి. పదకొండుతో ఎనిమిది, పదమూడుతో పది. ఇరవై మూడుతో రెండే మిగిలేసరికి ఆశ పుట్టింది. ఇరవై తొమ్మిదితోనూ అదే రెండు. ఇంకొక్కటి కలిపి చూశాడు. పదివేల ఎనిమిది డెబ్బై రెండు వరసల్లో చక్కగా ఒదిగింది.

ఇంకేముంది, వచ్చినవి పదివేల ఎనిమిదని, గేటు దగ్గరే ఒక సంచి మాయమైందని సేటుకు చెప్పేశాడు. లింబాద్రి గీతలు చూపించాడు, పిల్లల మీద ఒట్టేశాడు. ఎక్కాల మేస్త్రీ చెప్పాక అతని మాట వినేదెవరు? సేటు ఆ పూటే అతణ్ణి పనిలోంచి తీసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ సిద్దిరాములు ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటుంటే, కాలేజీలో లెక్కలు చెప్పే కూతురు రమ్య ముఖం మారిపోయింది. కాగితం తెచ్చి రెండు నుంచి వంద దాకా ఒక్కో సంఖ్యతో భాగించి చూపింది. వరసలూ, వరసకు పట్టే సంచులూ రెండూ వంద దాటితే గుణకారం పదివేల రెండు వందలు దాటిపోతుంది గనుక ఆపైన చూసే పనే లేదంది.

"ఇది ఎన్ని వరసలేసినా ఇరగది బాపు. కోట్లల్ల గూడ గిసొంటి లెక్కలుంటయ్. వాటికి అంతు లేదు."

కోట్లలో కూడానా? అంతే లేదా? జీవితమంతా నిజమనుకున్నది అబద్ధమైతే, మరి లింబాద్రి? సిద్దిరాములు ముద్ద పళ్లెంలోనే వదిలి లేచాడు.

సేటుకు ఫోన్ చేసి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఎండలోనే లింబాద్రి ఇంటికి పోయి, కాగితం పరిచి, లెక్కంతా మొదటి నుంచి చెప్పాడు. రేపట్నుంచి గేటు దగ్గరికి రమ్మని బతిమాలాడు. లింబాద్రి కాగితం వైపు చూడనే లేదు.

"లెక్క ఇరగదని నీకు ఇయ్యాల ఎర్కైంది సిద్దన్న. నేను దొంగను కానని ముప్పై ఏండ్ల సంది ఎర్క లేదా?"