కొత్త సీసాల చెత్త

సిరోంచలో డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నప్పుడు నేనూ, నా స్నేహితురాలూ కలిసి చెత్తను వేరుచేసే యంత్రం తయారుచేశాం. బెల్టు మీద చెత్త పోస్తే అయస్కాంతం ఇనుప డబ్బాలను లాగేస్తుంది. ప్లాస్టిక్ సీసాలను ఒక రేకు పక్క తొట్టిలోకి నెడుతుంది. మోటారు, బెల్టు నా స్నేహితురాలి నాన్న, తను పిలిచే అబ్బా, నడిపే పాత సామాన్ల దుకాణంలోవే. నేను బామ్ని నుంచి రోజూ బస్సులో వచ్చి, బస్టాండులో ఒక సంచి చెత్త ఏరుకుని కాలేజీకి వెళ్లేదాన్ని. ఆ చెత్తతోనే యంత్రాన్ని పరీక్షించేవాళ్లం.

ఒకటే ఇబ్బంది. తడి పాల ప్యాకెట్లు రోలరుకు చుట్టుకుని బెల్టు ఆగిపోయేది. ఒక గట్టి బ్రష్షు బిగిస్తే చాలు, ఇప్పించమని మా ప్రాజెక్టు చూసే సార్‌ని అడిగాం.

"లోపట ఎవరు చూస్తరు? ముందు రంగేయించుండ్రి," అన్నారాయన. యంత్రం మీద కాలేజీ పేరు పెద్దగా రాయించారు. మా పేర్లు ఎక్కడా లేవు.

కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన రోజు ఏప్రిల్ ఎండ మండిపోతోంది. సార్ నీళ్ల సీసాల పెట్టెలు తెప్పించారు.

"నీళ్లు పారబోసి ఖాళీ సీసాలు బెల్టు మీద పెట్టుండ్రి. గెస్టు ముందట మురికి వద్దు."

"మంచినీళ్లు సార్. తాగేటోళ్లకు ఇద్దాం," అన్నాను.

"టైం లేదు. పారబొయ్."

నేను కదల్లేదు. ఆయన జూనియర్లతో పారబోయించారు. మా ఊళ్లో ఆ నెలంతా అమ్మ బోరింగు దగ్గర బిందె పట్టుకుని వంతు కోసం నిలబడేది. నాకు ఒళ్లు మండిపోయింది.

అతిథి వచ్చారు. తళతళలాడే సీసాలు వరుసగా తొట్టిలో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నా సంచి తెచ్చి బెల్టు మీద కుమ్మరించాను. నలిగిన సీసా సరిగ్గానే తొట్టిలో పడింది, తుప్పు డబ్బాను అయస్కాంతం లాగేసింది. తర్వాత పాల ప్యాకెట్ చుట్టుకుని బెల్టు ఆగింది. అతిథి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఫలహారాల వైపు నడిచారు.

"పరువు తీసినవ్ గదా," అన్నారు సార్ పళ్లు కొరుకుతూ.

"ఇది చెత్త మిషన్ సార్. కొత్త సీసాలు వేరుచేసుడు ఎవరికి కావాలె?"

నా స్నేహితురాలు అప్పటికే మోటారు ఆపి, రోలరులో వేళ్లు పెట్టి ప్యాకెట్ లాగుతోంది. "జర స్విచ్ ఎయ్యవే," అంది. యంత్రం మళ్లీ నడిచింది. చూడడానికి మేమిద్దరమే మిగిలాం.

మా ఇద్దరికీ మార్కులు తగ్గించారు. అడిగితే క్రమశిక్షణ లేదన్నారు.

ఆ వేసవిలోనే బస్టాండు ముందు కాలేజీ బోర్డు వెలిసింది. దాని మీద మా యంత్రం ఫోటో, యంత్రం నిండా ఆ కొత్త సీసాలు. సార్ గదికి వెళ్లి, ఆ బోర్డు తీయించమన్నాను.

"ఇగ నీకు వేరే పనేం లేదా?" అని నవ్వారు.

నేను కూర్చోలేదు. నవ్వలేదు. అడిగిన మాటే మళ్లీ అడిగాను. ఆయన ఫోను అందుకుని పక్కకు తిరిగారు. ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. ఊరెళ్లే బస్సు దాని ముందే ఆగుతుంది. ఎక్కిన ప్రతిసారీ నా దవడలు బిగుసుకుంటాయి.