మూడుదార్ల గాలి

“కన్ను నాదే పాపా, కాదని ఎవరు చెప్పిరి? కన్ను లేకుండా పురుగుల్ని ఎట్ల ఏరేది? చూస్తేనే కదా ఏది మేస్తాండాదో, ఏది వాలిపోయిందో తెలిసేది.” ఉలిగమ్మ చాటలో రాగులు చెరుగుతూనే మాట్లాడుతోంది. “వాళ్ళనేది ఆ కన్ను కాదులే. కడుపుమంట కన్ను. నా పంట పాయె, అందుకని ఊళ్ళో ఎవరి పట్టుపురుగూ గూడు కట్టగూడదని చూస్తాండానంట.”

“ఎవరన్నారు పెద్దమ్మా?”

“ఎవరనలేదో అడుగు, తొందరగా అయిపోతాది.”

అరుగు చివర కూర్చున్న భారతి నవ్వబోయి ఊరుకుంది. ఆమెది హిందూపురంలో పట్టుపురుగుల జబ్బులు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో ఫీల్డు పని. ధర్మవరంలో మగ్గాల ఇంటి కోడలు. పొద్దున రైల్లో వచ్చి, గాజు గిన్నెలు సర్దిన డబ్బా తీసుకుని ఊళ్ళు తిరుగుతుంది. పెనుకొండ కొండ వెనకనున్న ఈ ఊరికి ఆమె వచ్చింది సున్నకట్టు రోగం కోసం. ఆ రోగం తగిలి చచ్చిన పురుగు కుళ్ళదు. బిగుసుకుపోయి, ఒళ్ళంతా తెల్లటి పొడి కమ్ముకుని, సుద్దముక్కలా తయారవుతుంది. ముసురు వదలని ఆ కార్తీకంలో ఊళ్ళో పురుగులు పెంచే మూడు షెడ్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మూడింట్లోనూ ఉలిగమ్మ అడుగుపెట్టింది.

పెట్టక ఏం చేస్తుంది, పిలిచింది వాళ్ళే. ఆ ఊళ్ళో పంటకు దిష్టి తగిలిందనుకుంటే తీసేది ఆమె. చచ్చిన పురుగుల్ని చాటలోకి ఎత్తి, ఉప్పూ ఎండుమిరపకాయలూ వేసి, షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఊరి బయట మూడు దార్లు కలిసే చోట గుమ్మరించి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. చచ్చినవాటిని కాల్చెయ్యమని పట్టుపరిశ్రమ ఆఫీసువాళ్ళు మీటింగు పెట్టినప్పుడల్లా చెప్పేవాళ్ళు. అందరూ తలలూపేవాళ్ళు. పురుగంటే లక్ష్మి, లక్ష్మిని నిప్పులో ఎవరు వేస్తారు? మర్నాడు చాట పట్టుకుని ఉలిగమ్మ ఇంటికే వచ్చేవాళ్ళు. ఆ పని ఆమెకు అత్త నుంచి వచ్చింది. బదులుగా పంట చేతికొచ్చిన ఇంట్లో దోసెడు గూళ్ళు పెట్టేవాళ్ళు. ఇప్పుడు దిష్టి తీసే మనిషికే దిష్టికన్ను అంటగట్టారు.

రైతుల సంఘం పెద్ద ఎల్లప్ప టీ అంగడి దగ్గర భారతిని ఆపి అడిగాడు.

“ఏమమ్మా, మీ గిన్నెల్లో కన్ను పడతాదా?”

“గాలిలో ఏముంటే అది పడుతుంది అన్నా.”

“అయితే పెట్టి చూడు. ఆయమ్మది తప్పు లేదని తేలితే నేనే పిలిచి షెడ్లలోకి పంపిస్తా. తేలకపోతే మాత్రం గూళ్ళు విడిపించే పనికి గూడా ఎవురూ పిలవరు. ఇది నా ఒక్కడి మాట గాదు.”

గూళ్ళు విడిపించే కూలి తప్ప ఉలిగమ్మకు వేరే ఆధారం లేదు. భారతి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది అందుకే. వచ్చింది గిన్నెల గురించి చెప్పడానికి, కానీ ఎక్కువసేపు విన్నది ఆమె కథే.

ఉలిగమ్మ పుట్టింది మడకశిర వైపు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. ఇప్పటికీ మనుషులతో తెలుగులో మాట్లాడుతుంది, పురుగులతో మాత్రం కన్నడమే. “వాటికి మా అమ్మ భాషే అర్థమైతాది,” అంటుంది. మొగుడు ఎర్రప్ప బావి కింద మల్బరీ వేసి, షెడ్డు కట్టి, పక్కింటి తిప్పమ్మతో పోటీపడి పంటలు తీశాడు. చివరిసారి పొర విడిచి, వాళ్ళ మాటలో చివరి జ్వరం విడిచి, లేచిన పురుగు ఆకు మేస్తుంటే ఇంటి మీద వాన కురిసినట్టు ఉంటుందట. ఆ చప్పుడు వింటూ నిద్రపోవడం ఉలిగమ్మకు అలవాటు. తర్వాత వరసగా పంటలు పోయాయి. ఎర్రప్ప బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయి అక్కడే జబ్బుపడి పోయాడు. పురుగులు పెంచే స్టాండ్లు ఎవరో కొనుక్కుపోయారు. షెడ్డులో ఇప్పుడు వేరేవాళ్ళ గొర్రెలు పడుకుంటాయి.

అయినా ఆమెకు వాన చప్పుడు తప్పలేదు. తిప్పమ్మ షెడ్డుకూ ఈమె ఇంటికీ మధ్య ఒకే గోడ. తిప్పమ్మ మాట్లాడటం మానేసి నెల దాటింది. భారతి కూర్చుని ఉండగానే ఉలిగమ్మ చెరగడం ఆపి, తల పక్కకు వంచి, గోడ వైపు గట్టిగా అంది: “తిప్పమ్మా, ఆకు అయిపాయె సూడు.”

కాసేపటికి అటునుంచి మల్బరీ కొమ్మలు పరిచే చప్పుడు వినిపించింది.

“చూసినావా, నా నోరు పనికొస్తాది, కన్నే పనికిరాదు,” అంది ఉలిగమ్మ. నవ్వలేదు.

ఆ రోజే గిన్నెలు పెట్టారు. డబ్బా మోస్తూ ఉలిగమ్మ వెంట వచ్చింది. షెడ్ల గుమ్మాల దగ్గర మాత్రం ఆమే ఆగిపోయేది, ఎవరూ చెప్పకముందే. భారతి లోపలికి పోయి, పురుగుల పడక ఎత్తులోనే గిన్నె ఉంచి, మూత తీసి, దాని మీద ఊపిరి పడకుండా పక్కకు జరిగి, కాసేపయ్యాక మూత పెట్టి అంటించి, ఏ చోటిదో మూత మీద రాసేది.

“దాంట్లో ఏముండాది పాపా, గంజి గట్టిపడినట్టుండాది?”

“బంగాళదుంపలు ఉడికించిన నీళ్ళు, చక్కెర. గట్టిపడడానికి నాచు పొడి. గాలిలో తేలే బూజు విత్తనాలు మన కంటికి ఆనవు కదా. దీని మీద పడితే తిని మొలుస్తాయి. మొలిస్తే కనబడతాయి.”

“అంటే దొంగకు సద్దిముద్ద పెట్టి పట్టుకుంటాండావు.”

మరో పద్ధతి కూడా ఉంది. వాజలైన్ పూసిన గాజు పలకను చిన్న మోటారుకు బిగించి తిప్పితే, గాలిలో ఉన్నది దానికి అంటుకుంటుంది. హిందూపురం తీసుకుపోయి మైక్రోస్కోపు కింద చూడొచ్చు. గిన్నెలతో పాటు వాటినీ పెట్టారు. గాలి ఎటు నుంచి ఎటు పోతోందో తెలియడానికి ఉలిగమ్మ తన కొంగుమూట విప్పి పట్టుపోగు ఒకటి ఇచ్చింది. దాన్ని వెదురుకు కట్టి ప్రతి చోటా నిలబెట్టారు. షెడ్ల లోపల, షెడ్ల బయట, మల్బరీ తోట గట్టు మీద, ఆకు మోపుల పక్కన, చివరికి మూడుదార్ల దగ్గర. అక్కడ పోసిన పురుగులు ట్రాక్టర్ల టైర్ల కింద నలిగి, మట్టితో కలిసి, ముసురు విడిచిన ఆ పూట కాస్త ఎండకు పొడిబారి ఉన్నాయి. పట్టుపోగు ఊరి వైపే ఊగుతోంది.

ఒక గిన్నెను భారతి అసలు తెరవలేదు.

“దానికి ఆకలి లేదా?” అడిగింది ఉలిగమ్మ.

“దీన్ని ఇట్లాగే తీసుకుపోతాం. ఇందులో బూజు మొలిస్తే తప్పు గాలిది కాదు, మా చేతులది. మేం శుభ్రంగా చేయలేదని అర్థం.”

“మనుషులకీ ఇట్లాంటిదొకటి ఉంటే బాగుండు. ఎవురి మీదన్నా పడేముందు, తమది తాము చూసుకుంటారు.”

ల్యాబులో గిన్నెల్లో బూజు మొలవడానికి కొన్నాళ్ళు పట్టింది. ల్యాబు చూసే బాలాజీ సార్ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూశాడు. తెరవని గిన్నె శుభ్రంగా ఉంది. తోట గట్టు మీదిదీ దాదాపు శుభ్రమే. తిప్పమ్మ షెడ్డులో పెట్టినదాంట్లో అక్కడక్కడా తెల్లటి చుక్కలు. ఆకు మోపుల పక్కది అంతకన్నా ఎక్కువ. మూడుదార్ల గిన్నె నిండా పిండి చల్లినట్టు సందు లేకుండా తెలుపు. పలకల మీద కూడా అదే లెక్క. అది సున్నకట్టు బూజే అని ఆయన మైక్రోస్కోపులో చూసి చెప్పాడు. “కన్నూ లేదు, ముక్కూ లేదు. ఆ పోసిన చోటు నుంచి గాలికి లేచి షెడ్లలోకి పోతాంది. తోట నుంచి ఆకు తెచ్చేది ఆ దారినే, ఆకు మీదా పడతాంది. మంచి పని చేసినావమ్మా.”

భారతికి ముందు గొప్ప సంతోషం కలిగింది. గిన్నెలు కడిగే తొట్టి దగ్గరికి పోయాక, మూత మీద తన చేత్తో రాసిన ‘మూడుదార్లు’ అన్న మాట మళ్ళీ కనబడింది. అక్కడ పోసింది ఎవరో అప్పుడు తట్టింది. తర్వాత పెనుకొండలో రైలు దిగి ఊరికి పోయే దారంతా, ఈ మాటను ఏ వైపు నుంచి చెబితే తక్కువ గుచ్చుకుంటుందా అని ఆలోచించింది. అట్లాంటి వైపేదీ దొరకలేదు.

ఉలిగమ్మ పూర్తిగా విన్నది. చివరికి తన రెండు అరచేతులూ ఒళ్ళో తిరగేసి పెట్టుకుంది.

“మొదటి షెడ్డు పోయింది గూడా నా వల్లేనా?”

“అది ఎట్లా వచ్చిందో తెలీదు పెద్దమ్మా. గిన్నె చెప్పేది ఆ పూట గాలిలో ఏముందో, అంతే. అన్నీ చెప్పదు.”

“దానివి పోసింది మాత్రం నేనే. ఆ తర్వాత రెండోది పాయె. దానివీ నేనే పోస్తి. మూడోది పాయె.” అరచేతులు చూసుకుంది. “నా పంట పోయినప్పుడు గూడా ఆడనే పోస్తి పాపా. మొక్కుకుని పోస్తి.”

“నీకు తెలిసి చేసింది కాదు. పిలిచి చేయించింది వాళ్ళు.”

“వాళ్ళు అట్ల చెప్పరు. చాట యాడిదని అడగరు, చెయ్యి ఎవురిదని అడుగుతారు.” గొంతు తగ్గించింది. “ఎల్లప్పకు ఏమీ తేలలేదని చెప్పు. కన్ను అంటేనే మేలు. కన్నంటే పడింది, నేనేం చేసేది? చెయ్యంటే అది నేనే గదా.”

“అబద్ధం ఎట్లా చెప్పేది పెద్దమ్మా?”

“నా పేరు లేకుండా నిజం చెప్పు.”

“మూడుదార్లు అంటేనే నీ పేరు.”

ఊళ్ళోకి వెళ్తే ఎల్లప్ప టీ అంగడి దగ్గరే ఉంటాడని, తనను చూడగానే అడుగుతాడని భారతికి తెలుసు. అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

ఇంతలో తిప్పమ్మ మొగుడు ఆంజనప్ప మోపెడ్ వెనక తాడు వేసుకుని, ఇటు చూడకుండా ఇంటి ముందు నుంచి పోయాడు. తోటకు, ఆకు కోసం. వచ్చేటప్పుడు మూడుదార్ల మీదుగానే వస్తాడు. తిప్పమ్మ పురుగులు ఇంకో రెండు మూడు రోజుల్లో గూటికెక్కుతాయి.

ఉలిగమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

“ఎల్లప్పకు ఏం చెప్తావో నీ ఇష్టం పాపా. అన్నీ చెప్పేసెయ్, మూడుదార్లనీ చెప్పు, నన్నూ చెప్పు. అది సాయంత్రానికి చూసుకోవచ్చు. ముందు తిప్పమ్మ కాడికి పో. ఆ దారిన వచ్చే ఆకు ఈ పూట వెయ్యొద్దని చెప్పు. చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి తెమ్మను. పడక మీద సున్నం పొడి చల్లమను. చచ్చినవి ఉంటే కాల్చమను, లక్ష్మి ఏమీ అనుకోదని నువ్వే చెప్పు, ఆఫీసు మనిషివి కాబట్టి వింటాది.” గోడ వైపు ఒకసారి చూసి, భారతి భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. “నేను పంపించినానని మాత్రం అనొద్దు. అంటే ఆ ఆకే వేస్తాది. పో పాపా, ఆకు రాకముందే బిన్నా పో.”