పొట్టిక్కలతో ఉప్పాడ దాకా

మోటారు సైకిళ్ల గుంపు తన ఇంటికి రాబోతోందన్న కబురు నాకు ముందుగా తెచ్చింది మా పిన్నే. రాజోలు బస్సు దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పేసింది.

“ఒసే అమ్మాయ్, ఆడి స్నేహితులందరూ మనింటికి వత్తన్నారే. ఆడి పేరు మీద భీమవరం నుంచి ఉప్పాడ దాకా బండ్లేసుకుని వెళ్తారంట. దారిలో మనింటి కాడ ఆగి టిఫిను తింటారంట. ఆళ్ల గుంపు కెప్టెన్ అబ్బాయే ఫోను చేసి చెప్పేడు.”

ఆడంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. ఏడాది క్రితం బండి మీద ఇంటికి వస్తూ చేపల లారీ కింద పడి పోయాడు. ఆ తర్వాత పిన్ని ముఖాన అంత వెలుగు చూడడం అదే మొదలు. అందుకే ఆ గుంపు గురించి నాకున్న అభిప్రాయాన్ని నోట్లోనే ఉంచుకున్నాను. పోయిన రోజున వరసగా నిలబడి ఫొటో దిగి వెళ్లినవాళ్లు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

“నువ్వూ అల్లుడుగారూ కూడా ఆళ్లతో కలిసి రండి. ఊరు తెలీనోళ్లు కదా, ముందుకెళ్లిపోకుండా నువ్వే మనింటికి తీసుకురావాలి” అంది.

నాకు బడి చదువు లేదు. నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన తెలుగు, అమ్మ నోటి వెంట వచ్చిన స్తోత్రాలు, అంతే. మావారి బండి వెనక కూర్చుని గుడికీ ఆస్పత్రికీ వెళ్లడం తప్ప, గుంపుతో ఊరేగిన దాన్ని కాను. మావారు తన పాత బండికి ఆయిలు మార్పించారు. ఆ బండి ఏనాడూ మమ్మల్ని నడిరోడ్డున దింపలేదు. ఆ మేలుకు నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

తెల్లవారేసరికి భీమవరం బైపాసు దగ్గర నలభై దాకా బండ్లు చేరాయి. మన గోదావరి ఉక్కలో నల్ల తోలు కోట్లు, మోకాళ్లకు చిప్పలు, చేతులకు తొడుగులు. యుద్ధానికి వెళ్తున్నారేమో అనుకునేలా ఉంది వేషం. వెళ్తున్నది ఇడ్లీలు తినడానికి. ప్రతి కోటు వీపు మీదా ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

“ఏంటండీ ఆ రాత?”

“అందరం అన్నదమ్ములం అని” అన్నారు మావారు.

ఫ్లెక్సీలో చేతులు కట్టుకున్న కెప్టెన్ నిలువెత్తున ఉన్నాడు. రొయ్యల మేత వ్యాపారి కొడుకతను. మా తమ్ముడి ముఖం పైన ఓ మూల నిమ్మకాయంత ఉంది. బండి ముందు కొబ్బరికాయ కొడుతుంటే నేనూ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను. కళ్లు తెరిచేసరికి, “అన్నా, వీడియో సరిగ్గా రాలేదన్నా, ఇంకోటి కొట్టు” అంటున్నాడు కెమెరా పట్టుకున్నవాడు. ఇంకోటి కొట్టారు. మూడోదీ కొట్టారు. దేవుడి చేత కూడా రీటేకులు చేయించిన ఘనులను నేను మరెక్కడా చూడలేదు.

కెప్టెన్ మా దగ్గరికి వచ్చాడు. “అంకుల్, మీ బండి మా స్పీడుకి రాదండి. లాస్ట్‌లో రండి. ఆంటీ, గట్టిగా పట్టుకుని కూర్చోండి.”

“ఆయన్ని పట్టుకునే పాతికేళ్లు నెట్టుకొచ్చాను బాబూ. నువ్వు దారి చూసుకో” అన్నాను.

వాళ్ల వేగమంతా ఆగడానికే. చెవులు చిల్లులు పడేలా దూసుకుపోతారు, రొయ్యల చెరువు గట్టు కనబడగానే ఆగి సెల్ఫీలు దిగుతారు. వెనక తీరిగ్గా వచ్చే మా పాత బండి ప్రతిచోటా వాళ్లను కలుసుకుంటూనే ఉంది. పాలకొల్లు బజారులో హారన్ల మోతకు పూలమ్ముకునే ముసలావిడ బుట్ట వదిలేసి చెవులు మూసుకుంది. ఊరు దాటాక కాలవ మీంచి వచ్చిన కాస్త చల్లగాలికి మనసులో దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ముందు వెళ్తున్న బండ్ల పొగకు ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

చించినాడ వంతెన మీద డ్రోన్ ఎగరేశారు. కింద గోదావరి నిండుగా పారుతోంది. ఒక్కడూ కిందికి చూడలేదు, అందరూ పైకి చూసి చేతులూపారు. అదే పనిగా మూడుసార్లు వంతెన మీద ఇటూ అటూ తిరిగారు. ఆ మధ్యలో పిన్ని ఫోను.

“ఎందాకా వచ్చారే? ఆవిరి పెట్టెయ్యనా? వేడిగా ఉంటేనే బాగుంటాయి.”

“పెట్టెయ్ పిన్నీ, వంతెన మీదే ఉన్నాం” అన్నాను.

డ్రోన్ దిగాక కెప్టెన్ చెయ్యెత్తి అందర్నీ పిలిచాడు. “లేటయిపోయింది బ్రో. ఊళ్లోకి వద్దు. అమలాపురం దాటాక హోటల్లో టిఫిన్.”

నేను బండి దిగి ముందుకు వెళ్లాను. “ఆవిడ వండుకుని మీ కోసం కూర్చుంది బాబూ. మాటిచ్చింది నువ్వే కదా.”

“తెలుసండీ ఆంటీ. కానీ ఆ కాలవగట్టు రోడ్డంతా గోతులంటండి. బండ్లు పాడైపోతాయి.”

“లడఖ్ వెళ్లొచ్చిన బండి అన్నావుగా పొద్దున?” అన్నారు మావారు.

“అది వేరండీ అంకుల్.”

మా తమ్ముడు రోజూ వచ్చిపోయిన రోడ్డది. నలభై మంది అన్నదమ్ములూ ఒకరి వెనక ఒకరు హైవే పట్టారు. ఒక్కడంటే ఒక్కడు తల తిప్పలేదు. మేమిద్దరం కాలవగట్టు మీదికి తిరిగాం.

పిన్ని వీధి గేటు రెండు రెక్కలూ తీసి, బండ్లు పెట్టుకోవడానికి ముందు జాగా అంతా ఊడ్చి నీళ్లు చల్లి నిలబడింది. మమ్మల్ని చూసి నవ్వి, మా వెనక్కి చూసింది. చాలాసేపు చూసింది.

“వెనక వత్తన్నారా?”

మావారే చెప్పారు. “రారంటండి అత్తయ్యగారూ.”

వంటింట్లో పొట్టిక్కలు. పనసాకులు నాలుగేసి కలిపి, కొబ్బరి ఈనెలతో బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించేవి. ముందురోజంతా ఒక్కతే కూర్చుని ఆ బుట్టలు కుట్టింది. ఈనెలు గుచ్చుకున్న వేళ్లకు పసుపు రాసుకుంది.

అప్పుడే మావారి ఫోను మోగింది. కెప్టెన్. హోటల్లో ఖాళీ లేదట, నలభై మందికి చాలదట. “అంకుల్, అక్కడున్నాయి కదండీ, పార్సెల్ చేయించి ఉప్పాడ తెచ్చెయ్యండి, ప్లీజ్.”

నా ఒళ్లు మండిపోయింది. పిన్ని మాత్రం అప్పటికే పెద్ద గిన్నె తీసి అడుగున అరిటాకు పరుస్తోంది.

“ఆవులకు పెట్టు పిన్నీ, పుణ్యమైనా వస్తుంది. వాళ్లకెందుకు?”

“ఆళ్ల మొహాలు చూసి పెడతన్నానేంటే?” అంది తల ఎత్తకుండా. “ఆడి పేరు చెప్పుకుని తింటే చాలు. ఆ ఒక్కటీ చూడు నువ్వు.”

ఒళ్లో గిన్నె పెట్టుకుని, కొంగుతో మూత నొక్కి పట్టుకుని ఉప్పాడ దాకా కూర్చున్నాను. సముద్రం కోసేసిన రోడ్డు పక్కన, రాళ్ల గుట్టల మీద కోట్లు విప్పి పడేసి ఉన్నారు అందరూ. గిన్నె కనపడగానే లేచి వచ్చారు.

“ఆంటీ, దేవతండీ మీరు! ఆకలి చంపేస్తందండి” అన్నాడు కెప్టెన్, చెయ్యి చాపి.

నేను మూత తీయలేదు. “ఎవరి పేరు మీద తింటున్నారో ఆ పేరు చెప్పి తీసుకోండి.”

నవ్వాడు. “మన తమ్ముడేనండి.”

“తమ్ముడికి పేరుంటుంది కదా బాబూ.”

వెంట తెచ్చి రాళ్ల మీద కట్టిన ఫ్లెక్సీ వైపు చూశాడు. గాలికది మడతపడి అతని బొమ్మ కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పక్కవాడి చెవిలో ఏదో అడిగాడు. వాడూ భుజాలెగరేశాడు. గ్రూపులో ఏదో ముద్దుపేరుతోనే తెలుసట. వెనకనుంచి ఇద్దరు సరిగ్గా చెప్పారు. వాళ్లిద్దరికీ ముందు పెట్టాను. అది విని మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు, ఒకటో తరగతి పిల్లల్లా. కెప్టెన్ చివరన, గొంతు తగ్గించి చెప్పాడు. అతనికీ పెట్టాను, అది పిన్ని మాట కాబట్టి. నా ఇష్టమైతే ఖాళీ పనసాకు చేతిలో పెట్టేదాన్ని.

తిరిగి వచ్చే ముందు పిన్నికి ఫోను చేశాను.

“తిన్నారా?”

“తిన్నారు పిన్నీ.”

“ఆడి పేరు చెప్పేరా?”

“అందరూ చెప్పారు.”

“సరేనే, జాగ్రత్తగా రండి” అంది. అబద్ధమాడే అవసరం రానివ్వనందుకు ఆ భగవంతుడికి రుణపడి ఉన్నాను.

ఆ పేరు అచ్చులో చూడలేనని పిన్ని అంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. చదివే మీరు సాయంత్రం దీపం పెట్టుకునే వేళ, పేరు తెలియకపోయినా, అతన్ని ఒక్కసారి తలుచుకోండి. ఎంత పొద్దుపోయినా, ఎన్ని గోతులున్నా, అమ్మ అన్నం పెట్టుకుని కూర్చుంటుందని ఆ కాలవగట్టు మీదే ఇంటికి వచ్చేవాడు.