తుమ్ముతూ పొడి అమ్మిన ముస్తకీమ్

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి షేర్ ఆటో నడిపే ముస్తకీమ్ మంచి మాటకారి. దుబాయిలో పదేళ్ళు వ్యాన్ తోలి వచ్చి ఆటో కొనుక్కున్నాడు. ఒక చుట్టం పోరు పెడితే, రోగనిరోధక శక్తి పెంచుతుందనే పొడి డబ్బాలు కూడా ఆటోలో పెట్టుకుని అమ్మేవాడు. బండి ఊరు దాటగానే మొదలుపెట్టేవాడు.

"రోజుకొక్క చెంచా పాలల్ల కలుపుకొని తాగుండ్రి. జలుబు మీ దిక్కు కూడ చూడదు."

చిక్కేమిటంటే, అతని జలుబే తగ్గేది కాదు.

ఒక ముసురు పొద్దున ఆకుకూరల గంపతో రామవ్వ ఎక్కింది. కామారెడ్డి మార్కెట్‌లో కూరలమ్మే ఆమెకు ఆ ఆటో అలవాటే. ముస్తకీమ్ పొడి గురించి చెబుతూ చెబుతూ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.

"గీ పొడి నువ్వు తాగుతున్నవా కొడుకా?" అంది రామవ్వ.

"తాగుతున్న అవ్వా. రెండు చెంచాలు."

"మరి గా తుమ్ములేంది?"

ఆటో అంతా గొల్లుమంది. పక్కన కూర్చుని డబ్బా తిప్పి చూస్తున్న ఒక టీచరమ్మ దాన్ని మెల్లగా యథాస్థానంలో పెట్టేసింది. ముస్తకీమ్ కూడా నవ్వాడు గానీ, ఆ మాట మనసులో గుచ్చుకుంది.

ఆ వారమే జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు ఆటో ఇంటిముందే ఉండిపోయింది. ఆ ఏడాది అలా పడుకోవడం అయిదోసారి. భార్య ఖుష్నుమా ఇక ఊరుకోలేదు, సర్కారు దవాఖానకు తీసుకెళ్ళింది. డాక్టర్ వందన రక్తపరీక్ష చేయించి, షుగర్ లేదని చెప్పి, తీరిగ్గా అడిగింది.

"రాత్రి ఎంతసేపు పడుకుంటరు?"

"నాలుగైదు గంటలు మేడం. ఫోన్ చూసుకుంట ఉంట."

"పొద్దున ఏం తింటరు?"

"చాయ్. సిగరెట్."

"మధ్యాహ్నం?"

"మిర్చీ బజ్జీలు మేడం, మల్ల చాయ్. పాలల్ల గా జలుబు పొడి రెండు చెంచాలు" అని ఖుష్నుమానే చెప్పింది.

"జలుబు అసలే రాకుండ చేసే తిండి ఏదీ లేదు. కానీ ఒళ్ళు తట్టుకోవాలంటే దానికి నిద్ర కావాలె, పప్పు, కూర, పండు కావాలె. సిగరెట్ వద్దు. తినే ముందు చేతులు కడుక్కోండి. ఇవన్నీ వదిలిపెట్టి రెండు చెంచాల పొడిని నమ్ముకుంటే ఎట్ల?" అంది డాక్టర్.

ఇంటికి రాగానే ముస్తకీమ్ డబ్బాలన్నీ చుట్టానికి తిరిగిచ్చేశాడు. ఆ చుట్టం అలిగి రెండు నెలలు మాట్లాడలేదు.

ఖుష్నుమా జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు, ఉడికించిన అలసంద గుడాలు కట్టివ్వడం మొదలుపెట్టింది. స్టాండులో ఎవరైనా నవ్వుతారేమోనని మొదటి రోజు అతను ఆటో వెనక కూర్చుని తిన్నాడు. మూడో రోజుకు తోటి డ్రైవర్ వెంకటి వాసన పట్టి సగం రొట్టె లాగేసుకున్నాడు. ఫోన్ రాత్రిళ్ళు వంటింట్లో ఛార్జింగ్‌లో ఉండసాగింది. సిగరెట్ మాత్రం తేలిగ్గా వదల్లేదు. రెండుసార్లు మానేసి మళ్ళీ అందుకున్నాడు. మూడోసారి మానాడు, ఇంతవరకు ముట్టలేదు.

మొన్న చలికాలం స్టాండులో అందరికీ జలుబు చేసింది. ముస్తకీమ్‌కూ చేసింది, కానీ రెండు రోజుల్లో తేరుకుని ఆటో తీశాడు. ఇప్పుడు మధ్యాహ్నమైతే నలుగురు డ్రైవర్లు నల్లా దగ్గర చేతులు కడుక్కుని, టిఫిన్లు విప్పుకుని ఒక్కచోట కూర్చుంటారు. తన పెరట్లో కాసిన జామకాయలు తెచ్చే పని వెంకటిది.