మా వదిన అల్లిన యుద్ధాలు

మా వదిన పోయింది. రెండు వారాల కిందట అనంతపురం ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట, మా అన్న పక్కనుండగా ప్రాణం విడిచింది. ఆమెను తీసుకుని మేము మా ఊరు కళ్యాణదుర్గం చేరేలోపే బెంగుళూరులోని ఒక పెద్దమనిషి సంతాపం అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. ఒకప్పుడు తన కంపెనీలో సాయంగా ఉన్న నెమ్మదైన అమ్మాయి అట. బండిలో ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాటలు చదివాను. అంతవరకూ వస్తున్న ఏడుపు ఆగిపోయింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పగలు తవ్వకూడదంటారు. పగ లేకుండా రాస్తే అది మా వదిన గురించి రాసినట్టు కాదు.

ఆమెది కుందుర్పి దగ్గర చెనక్కాయ పండించే ఇల్లు. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ కంప్యూటర్లలో పాతకాలపు గుహల ఆటలు ఆమెకు పరిచయమయ్యాయి. తెలియనివాళ్ళకు చెబుతాను. ఆ ఆటల్లో ఆరుగురి జట్టును మనం నడిపించాలి. వాళ్ళు తెర మీద కనబడరు, వాళ్ళ కళ్ళతో మనమే చూస్తుంటాం. అడుగు వేస్తే రాతిగోడ దగ్గరికి జరుగుతుంది. మలుపు తిరిగితే ఏదో ఒక భూతం ఎదురుగా నిలబడి ఉంటుంది. అప్పుడు ఆట ఆగి, ఆరుగురిలో ఎవరు ఏం చెయ్యాలో మనల్ని అడుగుతుంది.

ఆ ఆటలంటే ఆమెకు ప్రాణం. వాటిలోని యుద్ధాలంటే మాత్రం చిరాకు. ఆరుగురి చేతా కొట్టు, కొట్టు అని నొక్కుతూ పోతే చాలావరకు గెలిచేస్తాం. కట్టెలు చీల్చడానికి, దీనికి తేడా ఏమిటని అడిగేది. పెళ్ళై మా ఇంటికి వచ్చి, మా ఊళ్ళోనే కాలేజీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతూ, తన ఆట తానే కట్టడం మొదలుపెట్టింది. అందులో మంత్రం వేస్తే జట్టు దగ్గరున్న నీళ్ళు తగ్గుతాయి. కత్తి ఎక్కువసేపు తిప్పినా దప్పిక అవుతుంది. శత్రువులకూ దప్పికే. ఇంత కష్టం ఎందుకు వదినా, ఆడేవాళ్ళు విసుక్కుంటారు కదా అని ఒకసారి అడిగాను.

"వానొచ్చినప్పుడు అందురూ సేద్యగాళ్ళే పాపా," అంది. "ఎండినప్పుడు ఎవురేం జేస్తారో, అదీ ఆటంటే."

కంప్యూటర్లోకి ఎక్కించే ముందు ప్రతి యుద్ధాన్నీ వంటింటి గట్టు మీద నాతో ఆడి చూసేది. ఆరు చింతపిక్కలు మా జట్టు. చెనక్కాయ గింజలు శత్రువులు. ఒక చేత్తో రొట్టె తడుతూనే, నీ వంతు అని నాకు గుర్తు చేసేది. చచ్చిన శత్రువును నోట్లో వేసుకునేది. ఒకసారి మూడు గింజలు నా పిక్కల్ని మూలకు తోసేశాయి. మంత్రం వెయ్యడానికి సరిపడా నీళ్ళు లేవు. ఉన్న గుక్కెడు నీళ్ళను నేల మీద పారబోస్తే శత్రువులు వాటికోసం పోతారా అని ఊరికే అడిగాను. ఆమె చెయ్యి పెనం మీదే ఆగిపోయింది. తనకు తట్టలేదంది. రొట్టె మాడింది. ఆ మూడు గింజల్నీ నా నోట్లోనే పెట్టింది. గెలిచే దారి ముందే రాసి పెట్టేస్తే ఆడేవాళ్ళు కూలికొచ్చినట్టే అని అప్పటినుంచీ అంటుండేది.

ఆ ఆట సంగతి విని, ఆమెతో చదువుకున్న ఈ పెద్దమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బెంగుళూరులో కంపెనీ పెట్టాడు. ఇద్దరి పేరా ఆట తెద్దామన్నాడు. మా అమ్మ చేతి సంగటి తిన్నాడు. వదిన నమ్మి, యుద్ధాల నియమాలన్నీ ఇచ్చింది. చాలాకాలం ఇంటినుంచే ఆ కంపెనీకి పని చేసింది. తీరా ఆట బయటికి వచ్చిన రోజు వెతుక్కుంటే ఆమె పేరు ఎక్కడా లేదు. ఆయన మాత్రం ఒక వీడియోలో, చిన్నప్పుడు కళ్ళారా చూసిన కరువే తనకు ఈ దప్పిక ఆలోచన ఇచ్చిందని కళ్ళు తుడుచుకున్నాడు. పుట్టి పెరిగింది బెంగుళూరులో, అనంతపురం వచ్చింది డిగ్రీ చదవడానికే.

వదిన ఫోన్ చేసి అడిగింది. ఐడియాలు ఎవరికైనా వస్తాయి, చేసి చూపించినవాడిదే ఆట అన్నాడట. మా అన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు, మాటలు తక్కువ. ఆ రోజు షాపు మూసి, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని బెంగుళూరు బస్సుకు బయల్దేరాడు. వదిన గడప దగ్గర అడ్డం నిలబడింది.

"కొడితే రెండు దినాల్లో నొప్పి పోతాది వానికి," అంది. "ఉండు. నేను జేస్తా."

చేసింది. మధ్యలో జబ్బు బయటపడింది, జుట్టంతా పోయింది, అయినా చేసింది. రెండో ఆటను పూర్తిగా తెలుగులో కట్టింది. దాని చివరి తలుపు ముందు ఒకడిని నిలబెట్టి, వాడికి నకలుగాడు అని పేరు పెట్టింది. మన జట్టు ఒక వంతులో ఏం చేస్తే, మరుసటి వంతులో వాడు అదే చేస్తాడు. కత్తికి కత్తి, మంటకు మంట. ఒకసారి వాడిన ఎత్తు రెండోసారి వాడికి తగలదు. వాడికి సొంత ఆలోచన ఒక్కటీ లేదు. ఆ బొమ్మ గీస్తున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషాన్ని నేను మళ్ళీ చూడలేదు.

బెంగుళూరులో ఆటలు కట్టేవాళ్ళ సభ ఒకటి జరిగితే, వదిన ఒక బల్ల అడిగి తీసుకుంది. తలకు గుడ్డ కట్టుకుని, నా భుజం పట్టుకుని వచ్చింది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఆ సభకు ఆ పెద్దమనిషే ముఖ్య అతిథి. దప్పిక యుద్ధాలు కనిపెట్టింది మీరే కదా సార్, ఒకసారి ఆడి చూపించండి అని పిల్లలే ఆయన్ని లాక్కొచ్చారు. వదినను చూసి ఆయన వెనక్కి తిరగబోయాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. కూర్చున్నాడు.

కొట్టాడు. నకలుగాడు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇంకేదైనా చేసి చూడండి సార్ అని ఎవరో అన్నారు. మంట విసిరి నీళ్ళన్నీ అవగొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. ఇది సరిగ్గా కట్టిన ఆట కాదని లేచాడు. అప్పుడు వెనకనుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చి కూర్చుని, కాసేపు ఆలోచించి, పారిపో అని నొక్కింది. జట్టు వెనక్కి పరుగెత్తింది. మరుసటి వంతులో నకలుగాడూ అలాగే వెనక్కి తిరిగి పారిపోయాడు. తలుపు ముందు ఎవరూ లేరు. హాలంతా నవ్వు. ఆ నవ్వులో ఆయన బయటికి నడుస్తుంటే నేను చివరిదాకా చూశాను.

తిరుగు దారిలో పావగడ దగ్గర హోటల్లో ఆగాం. చాలా రోజుల తర్వాత వదిన ఆకలంది. రెండు ముద్దలు తిన్నది. చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అంది.

"ఓడిపోయేది గూడా రాలేదు పాపా వానికి. పారిపోయే మీట మొదుటి ఆటలోనే పెట్టింటి. దాన్ని గూడా దొంగతనం జేసినాడు, అది ఎందుకుండాదో తెలుసుకోల్యా."

మొన్న కర్మల రోజున ఆయన నాకు ఫోన్ చేశాడు. ఆమె జ్ఞాపకార్థం ఆ రెండో ఆటను తన కంపెనీ తరఫున తెస్తానన్నాడు. పిండాలు పెడుతున్న మా అన్నకు వినపడకుండా పక్కకు పోయి మాట్లాడాను.

"ఆట అందరికీ ఊరికే ఇచ్చిపోయింది సార్ మా వదిన," అన్నాను. "మీరూ ఆడుకోండి. ఆ అమ్మాయి చూపించింది గాక, నకలుగాడిని దాటేకి మీ సొంత దారి ఇంకొకటి దొరికితే, ఆ పొద్దు నాకు ఫోన్ చేయండి."

ఫోన్ పెట్టేశాడు. నేను ఊరుకోలేదు. సభలో పిల్లలు తీసిన వీడియోను తెచ్చి ఆయన సంతాపం కిందనే పెట్టాను. సాయంత్రానికి సంతాపం మాయమైంది. పెద్దవాళ్ళు నన్ను తిట్టారు, చావింట ఇదేం పని అని. నాకు మనసు చల్లబడింది. ఆమె ఉంటే ఒక గింజ నా నోట్లో పెట్టేది.

మా అన్న ఎన్నడూ ఆ ఆటల జోలికి పోలేదు. నిన్న మధ్యాహ్నం వదిన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. రాగి తీగ చుట్టి చుట్టి మొద్దుబారిన ఒక్క వేలితో జట్టును కడుతున్నాడు. ముందు వరసలో ముగ్గురు, వెనక వరసలో ముగ్గురు నిలబడాలి. దెబ్బలు యాడ తగల్తాయని నన్ను అడిగాడు. ముందువాళ్ళకేనని చెప్పాను. ముందు వరసలో తన పేరు కొట్టాడు. తర్వాత వెనక వరసలో, సరిగ్గా తన వెనకాల, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ వదిన పేరు కొట్టాడు. కొట్టి, గుహలోకి ఒక అడుగు వేశాడు.