ఊయల మీద లుంగీలు

ఉద్యోగానికని సూరత్ వచ్చి మూడు నెలలైనా మా ఇంట్లో ఒక్క పొరుగువాడూ కూర్చోలేదు. గుమ్మం దాకా వచ్చి, హాల్లోకి తొంగిచూసి, పులిని చూసినట్టు వెనుదిరిగేవారు.

"గోడలతోని ఎన్నిరోజులు మాట్లాడాలె? నేను మనూరికి పోత" అని మా ఆవిడ సూట్‌కేసు సర్దేసింది.

సామాను దించడానికి పైకొచ్చిన ఆటో డ్రైవర్ ఇక్కడే పెరిగిన తెలుగువాడు. హాల్లో ఇంటి ఓనరు వేలాడదీసిన ఊయల బల్ల నిండా ఓడ తెరచాపల్లా ఆరుతున్న నా లుంగీలను చూసి పకపకా నవ్వాడు.

"ఏందన్నా గిది! ఈడ ఇంటికొచ్చినోళ్లను ఊయల మీదనే కూసోబెడ్తరు. జాగనే లేకపాయె, ఎవరొస్తరు?"

ఆటో వెళ్లిపోయింది, ఖాళీగానే. లుంగీలన్నీ బాల్కనీకి తరలిపోయాయి. సాయంత్రం పక్కింటి పెద్దావిడ తొంగిచూసి, లోపలికొచ్చి, ఊయలెక్కి కాలితో ఒక్క ఊపు ఊపింది. ఆ కిర్రుమన్న చప్పుడుకు సగం సూరత్ మా హాల్లోకి దిగింది.

మా ఆవిడ సూట్‌కేసును అటకెక్కించి చాయ్ పెట్టింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.